పక్క గడపలో దించిన మూట

పోయిన వారం మనం ఎక్కడ ఆగామో గుర్తుందా? లేకపోయినా మొహమాటపడకండి. ఈ కథలో మరిచిపోవడం ఎవరికీ నేరం కాదు. మన భీమమ్మనే చూడండి. పొద్దున తిన్న గటక సంగతి మధ్యాహ్నానికి ఉండదు. అయినా మనిషి నిక్షేపంగా తిరుగుతూనే ఉంది.

ఆ తిరగడం దగ్గరే తగాదా వచ్చింది. వనపర్తి పడమటి గేరి అనే వీధిలో ఆ కొస నుంచి ఈ కొస దాకా ఉన్నవన్నీ భీమమ్మ వాడుక ఇండ్లు. కొత్త కోడలుగా వచ్చిన ఏడు మొదలు ఆ ఇండ్ల బట్టలు ఉతికింది ఆమే. ఇప్పటికీ వాగు దగ్గర బండ ముందు నిలబెడితే ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు. ఉతికిన బట్టలు తిరిగి ఇచ్చేటప్పుడే గడపలు తారుమారవుతున్నాయి. ఈ మాట కులపెద్ద బక్కయ్య చెవిన పడింది. బక్కయ్యకు కొల్లాపురంలో ఒక అల్లుడున్నాడు, ఆ అల్లుడికి వాడుక ఇండ్లు లేవు. ఇంకేముంది, పెద్దమనిషికి న్యాయం గుర్తుకొచ్చింది.

"కోడలు దవాఖాన పని ఇడిసిపెట్టి ఇండ్లు జూస్కోవాలె. లేకుంటే ఇండ్లే ఇడిసిపెట్టాలె. రెండిట్ల ఏదో ఒకటి సంతనాడు తేలాలె" అని భీమమ్మ కొడుకు మాసయ్యకు కబురు పెట్టాడు. పంచాయితీ సత్తెమ్మ పటేలమ్మ అరుగు మీద. మాసయ్య పెళ్లాం బాలమ్మ గుండెలు చిక్కబట్టుకొని ఆ గేరి మలుపు తిరుగుతుండగా మనం ఆమెను వదిలి వచ్చాం.

ఇండ్లు వదిలేస్తే ఏమవుతుందో బాలమ్మకు బాగా తెలుసు. తాను బట్టలుతికే దవాఖానలోని పెద్ద డాక్టరుకు ఒకనాడు అత్తను చూపించింది. ఆయన ముసలామె కళ్లూ నాలుకా చూసి, నాలుగు మాటలు మాట్లాడించి, కుర్చీలో వెనక్కి వాలాడు. "దీనికి మందు లేదమ్మా. తెలిసిన పని చేయనియ్యండి, తెలిసిన ముఖాల మధ్య తిరగనియ్యండి. ఇంట్లో కూర్చోబెడితే తొందరగా పాడవుతుంది" అన్నాడు. అంటే ఆ గేరే భీమమ్మకు మందు. బక్కయ్య గుంజుకుపోదామని చూస్తున్నది ఆ మందునే. ఇక దవాఖాన పని వదిలేద్దామంటే, వానలు పడని ఏట ఇండ్లవాళ్లు మాత్రం గింజలు ఎక్కడి నుంచి తెచ్చి పెడతారు? ఆ ఏడంతా ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది బాలమ్మ జీతంతోనే. దేన్ని వదలాలి, చెప్పండి.

అలాగని వీళ్ల ఇంట్లో ఏడుపులు ఉంటాయనుకునేరు. ఏమీ లేదు. బాలమ్మ పొద్దున్నే గటక పోసి, అత్తకు తల దువ్వి, దవాఖానకు పోతుంది. ఈ మధ్య తాను మాత్రం తినకుండానే పోతున్నది, మాసయ్య అడిగితే ఆకలి లేదంటున్నది. మాసయ్య గాడిద మీద మూటలు వేసుకొని తల్లినీ మూడేండ్ల కూతురు ఈదమ్మనూ వాగుకు తీసుకుపోతాడు. జర్మనీ యుద్ధం పుణ్యమా అని సబ్బు దొరకడం లేదు, మళ్లీ అందరూ చౌడుకే వచ్చారు. ఆ చౌడుమట్టి ఎంత కలపాలో భీమమ్మే కొడుక్కు చెబుతుంది. చెప్పిందే మళ్లీ చెబుతుంది. మాసయ్య మొదటిసారి విన్నట్టే "సరేనమ్మా" అంటాడు. ఈదమ్మ మొలతాడుకు ఒక పాత గుడ్డపేలిక కట్టి, దాని రెండో కొస భీమమ్మ కొంగుకు ముడేస్తారు. ముసలామె తప్పిపోకుండా పిల్ల, పిల్ల వాగులోకి పోకుండా ముసలామె. ఎవరు ఎవరిని కాస్తున్నారో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. ఇద్దరికీ ఆ ముడి ఇష్టమే.

సరే, బాలమ్మ మలుపు తిరిగింది. చేతులకు ఇంకా ఫినాయిల్ వాసన పోలేదు. పటేలమ్మ అరుగు కింద మాసయ్య మూట దించి నిలబడ్డాడు. ఆ పక్కనే భీమమ్మ కాళ్లు చాపుకొని కూర్చుంది, ఒళ్లో ఈదమ్మ. బక్కయ్య నెత్తి రుమాలు సర్దుకుంటూ మెట్టు మీద ఉన్నాడు. అరుగు మీద ఆడవాళ్లు బారుగా కూర్చున్నారు.

బాలమ్మ వాళ్లను చూసింది. మనకైతే ముందు ముఖాలు కనిపిస్తాయి. బట్టలుతికేవాళ్లకు ముందు బట్టలు కనిపిస్తాయి.

నడుమ కూర్చున్న సత్తెమ్మ పటేలమ్మ ఒంటి మీద ఎర్రగళ్ల చీర ఉంది. అది గానుగింటి పెంటమ్మది. సత్తెమ్మ పొడగరి, పెంటమ్మ పొట్టిది. చీర చాలక పటేలమ్మ పాదాల పైన జానెడు మేర బయటికే ఉంది. పక్కనే పెంటమ్మ. ఆమె కట్టుకున్నది సత్తెమ్మ గద్వాల పేటంచు చీర. పుట్టి బుద్ధెరిగి పెంటమ్మ అంత అంచున్న చీర కట్టలేదు. నూనె మరక పడుతుందేమోనని రెండు చేతులూ గాలిలో పెట్టుకొని, ఊపిరి కూడా చూసి చూసి వదులుతున్నది. ఆ చివరన పటేలమ్మ కోడలు భాగ్యమ్మ కట్టుకున్నది పక్కనున్న కాపోళ్ల ముసలామె నల్లంచు చీర. బారు మొత్తం చూస్తే సొంత బట్ట కట్టుకున్న మనిషి ఒక్కతి కూడా లేదు.

సాక్ష్యం ఇంత బాహాటంగా అరుగు మీద కూర్చుంటే ఇక పంచాయితీ ఎందుకు, అనుకున్నది బాలమ్మ. ఆమె అదృష్టం ఏమిటంటే బక్కయ్యవి తూర్పు గేరి ఇండ్లు. ఈ గేరి చీరలు ఆయనకు ఒక్కటీ తెలియవు.

బక్కయ్య గొంతు సవరించుకున్నాడు. "పటేలమ్మా, నాకు భీమక్క మీద పగ లేదు. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. గాని కులం పరువు ఉన్నది గదా. ముసల్దానికి ఎవరి బట్ట ఎవరిదో తెల్వకుంట అయ్యింది. గానుగింటోళ్ల ఎర్రగళ్ల చీర మీ ఇంటికొచ్చిందంట. సంతల ఆడోళ్లు నవ్వుకుంటున్నరు."

ఎర్రగళ్ల చీరలో కూర్చున్న సత్తెమ్మ రెప్ప కూడా వేయలేదు. "ఎవరు చెప్పిన్రు నీకు?"

"అందరు అనుకుంటున్నరు పటేలమ్మా."

"అందరు ఈడనే ఉన్నరు. అడుగు." పక్కకు తిరిగింది. "ఏమే పెంటమ్మా, నీ చీర ఏమన్న పోయిందా?"

పెంటమ్మ చేతులు గాలిలోనే ఉంచి తల అడ్డంగా ఊపింది. "నా చీరలు నాకే వచ్చినయ్. నా ఇంట్లనే ఉన్నయ్."

"ఇంకెవరిదన్న మారిందా?"

బారు పొడుగునా తలలు అడ్డంగా ఊగాయి. ఆ చివర భాగ్యమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకొని వణుకుతున్నది. ఏడుస్తున్నదని బక్కయ్య అనుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నదని బాలమ్మకు తెలిసింది.

తెలిసింది గానీ అర్థం కాలేదు. భాగ్యమ్మ మంచినీళ్ల చెంబుతో అరుగు దిగి, బాలమ్మ దోసిట్లో పోస్తూ చెవిలో గొణిగింది. "నువ్వు జర సప్పుడు జెయ్యకు. మూడు నెలల సంది గిట్లనే నడుస్తుంది. మీ అత్త ఏది ఇస్తే అది తీసుకుంటం, తెల్లారి బాయికాడ మార్చుకుంటం. నీకు తెల్వనియ్యద్దని మా అత్తనే అన్నది."

"మార్చుకుంటే మార్చుకున్రు, కట్టుకునుడెందుకు చిన్నమ్మా?" బాలమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

"కట్టకుంటే అవ్వ ఊకుంటదా? పొద్దుగూకంగ మల్లొచ్చి జూస్తది. 'గంత మంచిగ ఉతికిచ్చిన, ఎందుకు కట్టలే' అని అడుగుతది. ఒకనాడు మా అత్త ఇది నాది గాదే అన్నది. గా మెట్టు మీదనే కూలబడి, గయితే నేను ఇల్లు తప్పిన్న, మా ఇల్లెటు అని ఏడ్చింది. నీకు యాదికున్నదా, వాగుకాడ దొరికింది సూడు, గా దినమే."

బాలమ్మకు యాది లేకుండా ఎలా ఉంటుంది. ఆ రోజు మాసయ్య ఊరంతా వెతికాడు. చివరికి వాగు ఒడ్డున, ఖాళీ బండ పక్కన దొరికింది భీమమ్మ. ఎందుకు తప్పిపోయిందో ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

"గా దినం నుంచి మా అత్త ఒట్టు పెట్టింది. ఈమె ఏది ఇచ్చినా నాదే అంటా అని. తన పెండ్లినాడు చైత్రం ఎండల బండి కాడి నుంచి గడప దాక కాళ్ల కింద బట్టలు పరిచింది ఈమెనే, తన పాదం కాలనియ్యలే అని మా అత్త చెప్పింది. పొద్దటి సంది ఆ నూనె వాసనకు గొణుగుతనే ఉన్నది, అయినా కట్టింది." భాగ్యమ్మ చెంబు తీసుకొని పైకి పోయింది.

బాలమ్మకు కళ్లు నిండాయి. ముఖం కడుక్కుంటున్నట్టు తడిచేతులతో కళ్లు తుడిచేసుకుంది. ఈ గేరి ఆడవాళ్ల బట్టల్లో ప్రతి మరకా తనకు తెలుసనుకుంది ఇన్నాళ్లూ. వాళ్ల సంగతే తనకు తెలియదని ఇవాళ తెలిసింది.

కానీ బక్కయ్య అంత తేలికగా పోయే ఘటం కాదు. "సరే పటేలమ్మా. మీ మాట కాదంటనా? గాని ఒక్కటి. గీ మూట ఇయ్యాల్టిది. భీమక్కనే విప్పి, ఎవరియి వాళ్లకు ఇయ్యమనున్రి. మాసయ్య గాని బాలమ్మ గాని నోరు విప్పద్దు. ఒక్కటి తప్పినా ఇండ్లు నా అల్లునియి. అన్ని సక్కగ ఇస్తే ఇగ నేను ఈ గేరికి రాను."

మాసయ్య ముఖం పాలిపోయింది. "మామా, గట్లెట్ల..." అనబోయాడు. సత్తెమ్మ చెయ్యెత్తి ఆపింది. "మంచిదే. ఇయ్యమను. భీమమ్మా, బట్టలు పంచవే."

ఆ మాట వినగానే భీమమ్మ ముఖంలో దీపం పెట్టినట్టయింది. ఈదమ్మను పక్కన దించి మూట ముడి విప్పింది. ఒక్కొక్క మడత తీసి అరచేత్తో నిమిరి, బారును ఒకసారి కళ్లతో కొలిచి, లేచి ఇస్తూ పోయింది. గుడ్డపేలికతో పిల్ల కూడా వెంట నడిచింది.

పెంటమ్మ రవికెలు సత్తెమ్మకు ఇచ్చింది. అవి సత్తెమ్మకు మోచేతి దాకా కూడా ఎక్కవు. "నాయే" అని తీసుకున్నది. సత్తెమ్మ దుప్పటి కాపోళ్ల ముసలామెకు ఇచ్చింది. ఆమె కళ్లకద్దుకొని ఒళ్లో పెట్టుకున్నది. మగవాళ్ల ధోతులు ఒక భర్త దగ్గర నుంచి ఇంకో భర్తకు పోయాయి. భాగ్యమ్మకు ఎవరి పసిపిల్లదో లాగు వచ్చింది. దాన్ని చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. పెళ్లై ఏళ్లు గడిచినా భాగ్యమ్మకు పిల్లలు లేరు. అయినా "నాదే అవ్వా" అని మెల్లగా అందుకున్నది.

చివరికి మూటలో ఒక ఖాకీ కోటు మిగిలింది. గేరి కొసన ఉండే జంగలాత్ జవానుది, అంటే అడవి శాఖ బంట్రోతుది, మన్ననూరు అడవుల నుంచి బదిలీ మీద వచ్చినవాడు. భీమమ్మ దాన్ని ఎత్తి పట్టుకొని, అటూ ఇటూ చూసి, తిన్నగా తీసుకుపోయి పెంటమ్మకు ఇచ్చింది.

బక్కయ్య మెట్టు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "ఆగున్రి. గానుగ తిప్పేటాయనకు ఖాకీ కోటెందుకు?"

పెంటమ్మ ఒక్క క్షణం తడబడింది. తర్వాత గాలిలో ఉన్న చేతులతోనే కోటు అందుకొని, నిబ్బరంగా అన్నది: "ఎద్దు భయానికి. కోటు తొడుక్కొని నిలబడితే ఆగకుంట తిరుగుతది."

అరుగు అరుగంతా పగలబడి నవ్వింది. మాసయ్య కూడా ముఖం పక్కకు తిప్పుకొని నవ్వాడు. చివరికి బక్కయ్యకే నవ్వొచ్చింది, పెద్దరికం అడ్డొచ్చి మీసం కిందనే దాచుకున్నాడు. భీమమ్మ ఖాళీ అయిన మూటగుడ్డను నాలుగు మడతలు పెట్టి, పని తీరిన మనిషిలాగా కూర్చుంది. ఎన్ని నెలలకో ఆమె ముఖంలో అంత నిమ్మళం చూసింది బాలమ్మ.

"అయ్యిందా బక్కయ్యా?" అన్నది సత్తెమ్మ.

"అయ్యింది పటేలమ్మా. ఒక్కటి తప్పలే అని మీరంతా అంటుంటే నేనేమంట. ఇండ్లు భీమక్కయే." బక్కయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. బాలమ్మ ఊపిరి పీల్చుకుంది. దవాఖాన పని ఉంటుంది, గేరి ఉంటుంది, అత్త ఉంటుంది. ఇంతకన్నా ఏం కావాలి.

ఇక్కడ ఆపితే నాకూ హాయిగా ఉండేది. కానీ భీమమ్మ ఆపలేదు.

ఆమె భాగ్యమ్మనే చూస్తున్నది. భాగ్యమ్మ ఒళ్లో పసిపిల్ల లాగు ఉంది. ముసలామె ముఖం ఇంకా మెత్తబడింది. అందరికీ వినబడేలా అన్నది: "బిడ్డా, నీ ముట్టుబట్టలు రెండు నెలల సంది మూటల వస్తలేవు. ఇగ బరువులు ఎత్తకు. నీళ్లబిందె గూడ ఎత్తకు."

నవ్వులు ఆగిపోయాయి.

బట్టలుతికే ఇంటి మర్యాద ఒకటి ఉంది, తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఏ ఇంట్లో ఏ కోడలు కడుపుతో ఉన్నదో అత్తకన్నా ముందు, ఒక్కోసారి ఆ కోడలి కన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది. మూటలో రావలసిన బట్ట రాకపోతే తెలియదా? కానీ ఆ ఇంటివాళ్లు నోరు విప్పేదాకా వీళ్లు విప్పరు. భీమమ్మ ఏళ్ల తరబడి ఆ తాళం తీయలేదు. పాపం, ఇప్పుడు తాళం ఉందన్న సంగతే మరిచిపోయింది.

సత్తెమ్మ ముఖం చూడాలి మీరు. ఆమె చెడ్డది కాదు. కానీ కొడుకు మల్లేశుకు పిల్లలు కలగడం లేదని గద్వాలలో ఉన్న చెల్లెలి బిడ్డను రెండో పెళ్లికి అనుకున్నది. వచ్చే పున్నానికి మాట ఖాయం చేస్తానని కోడలి ముందే అన్నది. అప్పటి నుంచి భాగ్యమ్మ నవ్వులన్నీ పైపైనే.

"ఏమన్నవే భీమమ్మా?" సత్తెమ్మ అరుగు అంచు దాకా జరిగింది.

"సోమశిల మొక్కు తీరింది, ఇంకేంది" అన్నది భీమమ్మ. ఎవరి మొక్కో, ఎప్పటి మొక్కో.

బక్కయ్య చెప్పులు వదిలి మళ్లీ మెట్టెక్కాడు. "ఇది గూడ సక్కని మాటనేనా పటేలమ్మా? లేకుంటే ముసల్దాని పరాకా? బట్టలు తప్పలే అన్నరు. మరి గిది?"

సత్తెమ్మ ఆయనను పట్టించుకోలేదు. ఆమె కళ్లు అరుగు కిందికి దిగాయి. "బాలమ్మా, మూటలు విప్పేది నువ్వు. నువ్వు చెప్పు. నిజమేనా?"

అది నిజం కాదని బాలమ్మకు తెలుసు. భాగ్యమ్మ మొన్నీమధ్య ఆత్మకూరులో తల్లిగారింటికి పోయి, పోయిన శుక్రవారమే తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం పశువుల కొట్టం వెనక చిన్న మూట ఒకటి బాలమ్మ చేతిలో పెట్టింది. "బండిల ఉన్నప్పుడే ముట్టయిన. మా అత్తకు తెల్వనియ్యకు బాలమ్మా, నీ కాళ్లు మొక్కుత. తెలిస్తే పున్నం దాక గూడ ఆగదు" అన్నది. ఆ బట్టలను ఉతికి ఆరేసింది బాలమ్మే.

మరి రెండు నెలలుగా రాని బట్టలు ఎవరివి?

అవి బాలమ్మవే. ఆ సంగతి ఆమె మాసయ్యకు కూడా చెప్పలేదు. కడుపుతో ఉన్న ఆడమనిషిని రోగుల దుప్పట్ల దగ్గరికి రానివ్వరు, మర్నాటి నుంచి దవాఖాన గేటు మూసేసినట్టే. ఇంకొక్క నెల, ఇంకొక్క నెల అని దాచుకుంటూ వచ్చింది. ఒకే ఇంట్లో ఉంటూ, దండెం మీద ఆరే బట్టల్ని చూస్తూ, భీమమ్మ పసిగట్టనే పసిగట్టింది. మాట తప్పు కాదు. అన్ని మూటల్లాగే ఈ మూటను కూడా తీసుకుపోయి పక్క గడపలో దించింది, అంతే.

కాదంటే అత్త మతి తప్పిందని తానే సాక్ష్యం చెప్పినట్టు. ఇండ్లు పోతాయి, భాగ్యమ్మ సంసారం పోతుంది. అవునంటే లేని బిడ్డను పటేలింటికి ఇచ్చినట్టు. బాలమ్మ మాసయ్య వంక చూసింది. అతనికి ఏమీ తెలియదు, పెళ్లాం ఎందుకు చెమటలు కక్కుతున్నదా అని చూస్తున్నాడు.

"చెప్పవేందే?" అన్నది సత్తెమ్మ.

బాలమ్మ పెదవులు కదిలాయి. మాట రాకముందే అరుగు చివర నుంచి భాగ్యమ్మ లేచింది. పసిపిల్ల లాగును రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. ఇందాక ఎవరిదో లాగును నాదే అన్న గొంతుతోనే, అంతే మెల్లగా అన్నది.

"నిజమే అత్తమ్మా. అవ్వ చెప్పింది నా సంగతే."

సత్తెమ్మ గబగబా లేచి వచ్చింది. కోడలి తల మీద చెయ్యి పెట్టింది. ఆ పొడగరి మనిషి, ఎవరికీ బెదరని మనిషి, ఎర్రగళ్ల కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "రేపే గద్వాలకు మనిషిని పంపుత. ఆ మాట ఇగ లేదని చెప్పిస్త" అన్నది. పెంటమ్మ భాగ్యమ్మను కావలించుకోబోయి, పేటంచు చీర గుర్తొచ్చి ఆగిపోయింది.

"భీమక్క నాకన్న పక్కాగ ఉన్నది" అని బక్కయ్య ఒప్పుకున్నాడు. "మాసయ్యా, మీ అమ్మ సంగతి ఇగ ఎవరన్న అంటే నాకు జెప్పు." అల్లుడిని తిట్టుకుంటూ, నిజంగానే సంతోషపడుతూ, గేరి దిగి పోయాడు. భీమమ్మ మాత్రం ఈదమ్మ జుట్టు చిక్కు తీస్తున్నది. ఆమెకు ఆ మాట అన్నట్టు కూడా యాది లేదు.

భాగ్యమ్మ బాలమ్మ వైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. చెప్పకు అన్న మాట ఒక్కటే ఉంది.

సత్తెమ్మ లోపలికి పోయి బెల్లం తెచ్చింది. అందరికీ పంచి, అరుగు దిగి బాలమ్మ దగ్గరికి వచ్చింది. ఏనాడైనా పైనుంచి దోసిట్లో వేసే మనిషి, ఇవాళ తన చేత్తోనే ఆమె నోట్లో బెల్లం పెట్టింది. "మీ అత్త నోటితోని నా ఇంటికి దీపం వచ్చింది. ఇగ నా కోడలి బట్టలు నువ్వు ఒక్కదానివే ఉతకాలె. ఏ నెల ఏమున్నా నాకే వచ్చి చెప్పాలె" అన్నది.

అంత దగ్గరగా వచ్చేసరికి పెంటమ్మ చీరలోని గానుగ వాసన గుప్పుమన్నది. చెక్క వాసన, నూనె వాసన, మీద నుంచి బెల్లం తీపి. పొద్దటి నుంచీ ఖాళీగా ఉన్న బాలమ్మ కడుపు ఒక్కసారిగా తిరిగింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని గోడవారకు పరుగెత్తింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

ఎవరో వెనక నుంచి వీపు రాస్తున్నారు. ఆ చెయ్యి భీమమ్మది. "ఏంగాదు బిడ్డా, ఏంగాదు" అంటున్నది. గుడ్డపేలికతో వచ్చిన ఈదమ్మ కూడా అమ్మ కాలు నిమురుతున్నది.

బాలమ్మ తలెత్తలేదు. చాలీచాలని చీర కింద పటేలమ్మ పాదాలు తన వైపే నడిచి వచ్చి ఆగడం మాత్రం కనిపించింది. సత్తెమ్మ గొంతులో కోపం లేదు, తొందర లేదు.

"ఏమే బాలమ్మా, గేరందరి బట్టలు ఉతుకుతవు గదనే. నీయి ఉతుక్కొని ఎన్ని దినాలాయె?"